భజన మండలికి అమెరికా ఎన్నిక

ఒక మనిషి తన పెండ్లిని తానే చెడగొట్టుకోవడానికి ఎన్ని దారులున్నాయో నాకు తెలియదు. అమెరికా అధ్యక్షుని ఎన్నిక మీదుగా కూడా ఒక దారి ఉందని కనిపెట్టినవాణ్ణి మాత్రం నేనే. మరాఠీ గడ్డ మీది మా భివండీ నుంచి ఆ దారిలో ఇంకెవరూ వెళ్లలేదు. వెళ్లకూడదనే ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను టెంఘర్‌లో మా నాన్న సాంచాలు, అంటే మరమగ్గాలు, చూసుకునేవాణ్ణి. సాయంత్రం కాగానే చేతులకంటిన నూనె కడుక్కొని మార్కండేయ మందిరానికి పోయి హార్మోనియం ముందు కూర్చునేవాణ్ణి. భాగవతం నాకు ఒంటబట్టింది అక్కడే. ప్రహ్లాదుడు, గజేంద్రుడు, అజామిళుడు నాకు పక్క గల్లీ మనుషుల్లా తెలుసు. ఇంతవరకు బాగానే ఉంది. ఆ చలికాలం అమెరికాలో ఎన్నికలు జరిగాయి. వాటి గురించి ఫోన్లో చూశాను. చూసింది అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే ఎంత బాగుండేది!

సరిగ్గా అప్పుడే మా భజన మండలికి కొత్త అధ్యక్షుడు కావలసి వచ్చాడు. పాత అధ్యక్షుడు మల్లయ్య తాత మోకాళ్లు పట్టుకొని, ఇక నావల్ల కాదన్నాడు. పోటీకి ఇద్దరు దిగారు. ఒకరు ధామన్కర్ నాకాలో కిరాణా దుకాణం నడిపే నర్సయ్య. ఇంకొకరు నాకు దూరపు వరసకు మామ అయ్యే రాజేశం. మామ కూతురు స్రవంతిని నాకు చేసుకోవాలని మా ఇంట్లో అనుకుంటున్నారు. నేనైతే ఎప్పుడో అనేసుకున్నాను.

ఒకరోజు మామ నన్ను సాంచాల కార్ఖానా బయటికి పిలిచాడు.

"ఏం శ్రీహరీ, ఎన్నికల హవా ఎట్లున్నది?"

"నిజం చెప్పాల్నా మామా?"

"అబద్ధాలు చెప్పి నాకు అల్లుడెట్ల అయితవ్ రా?"

"గా పూర్ణ ఊరి గోదాములల్ల పనిచేసే మనోళ్లందరు నర్సయ్య దిక్కే ఉన్నరు. వట్టి తలకాయలు లెక్కవెడితే నువ్వు ఓడిపోతవ్."

మామ ముఖం కరెంటు పోయిన కార్ఖానా అయింది.

"చూడు బిడ్డా. మార్కండేయ జయంతి నాడు నేను అధ్యక్షుణ్ణయి, గదే మందిరంల నీకు వరపూజ చేసి పెండ్లి ఖాయం చేద్దామనుకున్న. ఓడిపోయినంక గీ భివండీల ఏ ముఖం పెట్టుకొని శుభకార్యం చేస్త? పిల్లను కరీంనగర్ సంబంధానికిచ్చి ఆడనే కానిస్త."

యముడు మార్కండేయుని మెడ మీద పాశం వేసినప్పుడు ఆ పిల్లవాడు లింగాన్ని వాటేసుకున్నాడు. నేను అమెరికాను వాటేసుకున్నాను.

"మామా, భయపడకు. అమెరికా పద్ధతి పెడదాం. గా పద్ధతిల పూర్ణోళ్లు ఎంతమంది ఉన్నా ఒక్క ఓటు కిందనే లెక్క."

"దేవుని మండలిల దగా చేస్తవారా?"

"దగా కాదు మామా, ప్రజాస్వామ్యం!"

ఆ ఆదివారం భజన అయ్యాక మైకు పట్టుకున్నాను. అమెరికాలో జనం ఓటు వేసేది అధ్యక్షునికి కాదన్నాను. మల్లయ్య తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"మరి ఎవలకేస్తరు?"

"అధ్యక్షునికి ఓటేసే మనుషులకు తాతా. ఆళ్లను ఎలెక్టర్లు అంటరు. ఒక్కో రాష్ట్రానికి ఇంతమంది అని ఉంటరు. ఏ పార్టీకి ఆ పార్టీ తన మనుషులను ముందుగాలనే నిలబెడతది. రాష్ట్రంల ఎవలకు ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్రపు ఎలెక్టర్లందరు ఆళ్లోళ్లే అయితరు. ఒకటి రెండు రాష్ట్రాలు తప్ప అంతట గిదే లెక్క. ఆనంక డిసెంబర్‌ల ఎవల రాష్ట్రంల ఆళ్లు కూసొని అసలు ఓటు ఏస్తరు. జనవరిల రాజధానిల గా ఓట్లు ఇప్పి లెక్కవెడతరు."

"అంటే పిల్లను చూసేటందుకు పెద్దమనుషులను పంపినట్టు."

"గంతే తాతా!"

"ఆళ్లు పొయ్యి వేరే పిల్లను ఖాయం చేసుకొనొస్తే?"

మందిరమంతా నవ్వింది. సాంచాల చప్పుడుకు అలవాటుపడ్డ గొంతులు మావి. మేం నవ్వితే పక్క గల్లీలో నిద్రపోయే పిల్లలు లేస్తారు.

"గట్ల మాట తప్పేటోళ్లు ఆడ కూడ అప్పుడప్పుడు ఉంటరు. కొన్ని రాష్ట్రాలు చట్టం పెట్టి గట్టిచేసుకున్నయ్. మనం ఆళ్లకంటె గట్టిగ చేద్దాం" అన్నాను.

చదువరులారా, ఆ 'గట్టిగ' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి నన్ను చూసి జాలిపడండి.

అమెరికాలో ఎలెక్టర్లు కాగితం మీద ఓటు వేస్తారు. మా దగ్గర ఏ లిపిలో వేయాలి? పెద్దవాళ్లకు తెలుగే వస్తుంది, పిల్లలకు మరాఠీయే వస్తుంది. కొందరికి రెండూ రావు. కాబట్టి ఓటు నోటితో చెప్పాలన్నాను. స్వామి ఎదురుగా నిలబడి, అధ్యక్షుని పేరు స్పష్టంగా చెప్పాలి. సైగలు చెల్లవు. 'ఆయన', 'మనోడు', 'గా పెద్దమనిషి' లాంటివి చెల్లవు. ఒకసారి చెప్పిన పేరు మార్చడానికి లేదు. నియమాలు చదువుతున్నప్పుడు నా గొంతులో ధర్మరాజు పలికాడు.

మావాళ్లుండే పేటలను బట్టి మండలిని నాలుగు రాష్ట్రాలు చేశాను. పద్మనగర్, టెంఘర్, ధామన్కర్ నాకా, పూర్ణ. ఒక్కోదానికి ఒక్కో ఎలెక్టర్. అంతలో వెనక వరసలో రాజేశం మామ భార్య సత్తవ్వ అత్త లేచింది.

"మరి మేమేడికి పోవాలె? ఆడోళ్లం గింతమందిమి గొంతులు పోయేటట్టు పాడుతున్నం. మాకు రాష్ట్రం లేదా?"

"ఉన్నది అత్తా! అమెరికాల రాజధాని రాష్ట్రం కాదు, అయినా దానికి ఎలెక్టర్లను ఇచ్చిండ్రు. గట్లనే మహిళా మండలికి ఒకరు."

ఆడవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. వారం తిరక్కుండానే అందరూ కలిసి తమ ఎలెక్టరుగా సత్తవ్వ అత్తనే ఎన్నుకున్నారు. నేను ఆనందంతో హార్మోనియం మీద పడి ఏడవబోయాను. పద్మనగర్, టెంఘర్ మామవి. నాకా, పూర్ణ నర్సయ్యవి. మిగిలిన ఒక్క ఓటు మామ కట్టుకున్న భార్యది! ఎలెక్టర్ మాట తప్పుతాడేమోనని అమెరికా అంతా భయపడితే, నాకు సతీ సావిత్రి లాంటి ఎలెక్టర్ దొరికింది.

శుక్రవారం వచ్చింది. ఆ రోజు సాంచాలకు సెలవు, మందిరం కిటకిటలాడింది. పద్మనగర్ ఎలెక్టర్ స్వామికి మొక్కి "రాజేశం" అన్నాడు. టెంఘర్ "రాజేశం". నాకా "నర్సయ్య". పూర్ణ "నర్సయ్య". నేను మామ వైపు చూసి కళ్లెగరేశాను. మామ కండువా సర్దుకున్నాడు. స్రవంతి గాజులు సర్దుకుంది.

మల్లయ్య తాత పిలిచాడు. "రా సత్తవ్వా. మహిళా మండలి ఓటు ఎవలకు బిడ్డా?"

అత్త కొంగు భుజం నిండా కప్పుకొని, తల వంచుకొని, సిగ్గుపడుతూ అంది. "ఆయనకే."

"ఏ ఆయనకు?"

"గదే... మా స్రవంతి వాళ్ల బాపుకు."

నర్సయ్య లేచాడు. "చెల్లది! పేరు చెప్పాలె. రూల్ అంటే రూల్."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. పెండ్లయినప్పటి నుంచి అత్త మొగుని పేరు ఎత్తలేదు. ఇది నాకు తెలియనిది కాదు! ఏళ్ల తరబడి నేను హార్మోనియం వాయిస్తుంటే, భజనలో 'రాజేశ్వరా' అని వచ్చిన ప్రతిచోటా అత్తకు దగ్గు వచ్చేది. ఆ దగ్గుకు నేను శ్రుతి కూడా కలిపాను. ఒక్కనాడూ ఎందుకని ఆలోచించలేదు.

"తాతా, అందరికి తెలిసిందే కదా, ఎవలనంటున్నదో..." అని నసిగాను.

"సైగలు చెల్లవు, 'ఆయన' చెల్లదు అన్నదెవలు?"

"నేనే."

"స్వామి ముందట అన్నవా లేదా?"

"అన్న."

"అయితె కూసో."

కూర్చోలేదు. అత్త దగ్గరికి పరుగెత్తాను.

"అత్తా, అజామిళుడు కొడుకును 'నారాయణా' అని పిలిచి గండం దాటిండు. నువ్వు మామను అనుకోకు. దేవుణ్ణి అనుకొని అను."

"దేవునిది గదే పేరని, దేవుని పేరు కూడ నేను అనను కదా బిడ్డా. యేములాడకు పోతె 'పెద్దదేవుడా' అని మొక్కుత."

"పెండ్లినాడు గడప కాడ చెప్పినవ్ కదా?"

"చెప్పిన. గదే మొదలు, గదే ఆఖరు. ఇంక ఎన్నడు తియ్యకని మా అత్తమ్మ ఒట్టేయించుకున్నది. ఆమె లేదు, ఒట్టు ఉన్నది."

స్రవంతి మరాఠీ బడిలో చదువుకుంది. దూసుకొచ్చింది. "అమ్మా, ఉఖాణా ఘే నా! పక్కింటి కాకూ హల్దీకుంకూ పేరంటంల పాట లెక్క కట్టి మొగుని పేరు చెప్తది కదా. గట్ల చెప్పు, ఒట్టు పోదు!"

ఆడవాళ్లంతా "చెప్పు, చెప్పు" అన్నారు. అత్త గొంతు సవరించుకుంది.

"తెల్లని నూలుకు పసుపు అద్దిన, తెల్లారకముందే ముగ్గు దిద్దిన, స్వామి రథం ముందట హారతి పట్టిన..."

మామ ముందుకు వంగాడు. నేను స్తంభం పట్టుకున్నాను.

"...ఆళ్లింట్ల దీపం పెట్టిన!"

అందరూ ఒక్కసారి నిట్టూర్చారు. తాత నా వైపు తిరిగాడు.

"ఇద్దరికి సమానం వస్తె అమెరికాల ఏం చేస్తరు?"

"ఎవలకు సగం దాటకుంటె ఆళ్ల ప్రతినిధుల సభ తీర్పు చెప్తది తాతా. గప్పుడు ఒక్కో రాష్ట్రానికి ఒక్కటే ఓటు."

"మనకు ఒక్కో రాష్ట్రానికి ఇప్పుడున్నదెన్ని?"

"ఒక్కటే."

"అంటే మల్ల గీ ఐదుగురేనా?"

"...మల్ల గీ ఐదుగురే తాతా."

తాత అమెరికా మీద ఉన్న కాస్త గౌరవం కూడా వదిలేసినట్టు చెయ్యి ఊపాడు. "సత్తవ్వా, హారతి వెలిగిస్తున్నం. చెప్తె చెప్పు, లేకుంటె మహిళా మండలికి ఓటు లేనట్టే."

వెనక నుంచి ఆడవాళ్ల గుసగుసలు మందిరమంతా వినిపించాయి. "మొదటిసారి అడిగిండ్రు మనల్ని. ఊకుంటె ఇంక ఎన్నడన్న అడుగుతరా? ఏదో ఒక పేరు చెప్పు సత్తవ్వా, మాట పోనియ్యకు!"

అత్త స్వామిని చూసింది. మామను చూసింది. ఆమె కళ్లలో నీళ్లు. పోటీలో ఉన్న పేర్లు రెండే. అందులో ఆమె నాలుక పలకగలిగింది ఒక్కటే.

"నర్సయ్య అన్న" అంది.

పూర్ణవాళ్లు ఈలలు వేశారు. నర్సయ్య గెలిచానో, తిట్టించుకున్నానో తెలియనట్టు నిలబడ్డాడు. అమెరికాలో విశ్వాసం తక్కువై ఎలెక్టర్లు మాట తప్పుతారు. మా దగ్గర విశ్వాసం ఎక్కువై తప్పింది. మామ ఎవరినీ చూడకుండా బయటికి నడిచాడు. నేను వెనకాలే పరుగెత్తాను. మనసులో కరీంనగర్ పెండ్లికొడుకు అప్పుడే గుర్రమెక్కి కూర్చున్నాడు.

మందిరం ఎదుటి నాకా కూడలిలో చాయ్ బండి దగ్గర మామ ఆగాడు. చాయ్ తీసుకున్నాడు, తాగలేదు. తిడతాడని నేను తల వంచుకున్నాను. మొగుడు ఓడిపోయినా సరే, పేరు మాత్రం ఎత్తని ఇలాంటి ఇల్లాలు భివండీ మొత్తంలో ఇంకెవరికుందో చెప్పమని మామ చాయ్‌వాలాను హిందీలో అడిగాడు.

"భాయ్, ఆద్మీ హార్ గయా, లేకిన్ ఘర్‌వాలీనే నామ్ నహీ లియా. పూరా భివండీ మే ఐసీ కిస్కీ హై, బతావ్?"

చాయ్‌వాలాకు ఏమీ అర్థం కాలేదు. అయినా వ్యాపారస్తుడు కదా, ఎవరికీ లేదన్నట్టు "కిసీకీ నహీ, సేఠ్" అన్నాడు.

మామ ఛాతీ సాంచా మీద నిండిన బట్టచుట్టలా ఉబ్బింది. పక్కనున్న ఆటోవాళ్లకు చెప్పాడు. పాన్ దుకాణంలో చెప్పాడు. సిగ్నల్ దగ్గర ఆగిన టెంపో డ్రైవరుకూ చెప్పాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేశాడు.

"అధ్యక్షుడు రెండేండ్లకొకడు వస్తడు రా. నర్సయ్యకు పదవొచ్చింది, నాకు పేరొచ్చింది. నువ్వు గా పిచ్చి రూల్ పెట్టకపోతె నా ఇల్లాలి సంగతి లోకానికి ఎట్ల తెలుస్తుండె? తలెత్తుకొని చేస్త వరపూజ. జయంతి నాడే, గీ భివండీలనే!"

స్వామీ మార్కండేయా! పాశం మెడ నుంచి జారింది. ఆ రద్దీలో, ఆ హారన్ల మధ్య, నేను మామ కాళ్ల మీద పడ్డాను. ఒక బస్సు నాకోసం ఆగింది.

"ఒక్కటే షరతు" అన్నాడు మామ నన్ను లేపుతూ. "నా బిడ్డ కూడ తల్లి లెక్కనే ఉంటది. సచ్చినా నీ పేరు తియ్యది, చూస్తుండు..."

"ఏయ్ శ్రీహరీ!" మందిరం మెట్ల మీద నుంచి స్రవంతి కేక నాకా అంతా మోగింది. "శ్రీహరీ! బాపును తీస్కొని జల్ది రా! హారతి అయిపోతున్నది, చల్ నా శ్రీహరీ!"

మామ నా వైపు చూడలేదు. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు. నేను మాత్రం లోపల దండం పెట్టుకున్నాను. హరినామం ఎవరు, ఎంత గట్టిగా తలచినా పుణ్యమే కదా.

వరపూజ జరిగింది, పెండ్లీ జరిగింది. అందుకే దేవబ్రాహ్మణ సాక్షిగా, హార్మోనియం మీద చెయ్యి పెట్టి ప్రతిజ్ఞ చేస్తున్నాను. సముద్రాల అవతలి ఎన్నికల పద్ధతిని ఈ జన్మలో మా మందిరం గడప తొక్కనివ్వను. రాష్ట్రాలు చెయ్యను, ఎలెక్టర్లను పెట్టను, మైకులో నియమాలు చదవను. ఇక ఎప్పుడు ఎవరిని ఎన్నుకోవాలన్నా అందరినీ చేతులెత్తమంటాను. చెయ్యెత్తడానికి మా అత్తకు ఏ ఒట్టూ అడ్డం లేదు.