బీబీ నారంజ్‌తో అమ్మ కలిపిన పులిహోర

మా చిన్నప్పుడు... గల్ఫ్‌లో మేముండే ఖబూరాలో పక్కింటి బీబీ ఓ గాజుగిన్నెలో నీళ్ళు పోసి, అందులో పుల్ల నారింజకాయ ఒకటి వేసి, మా హాల్లో బల్ల మీద పెట్టింది. వాళ్ళది ఎప్పుడో ఇరాన్ నుంచి వచ్చిన కుటుంబం. ఆ కాయని నారంజ్ అనేవారు. చేపల మీద పిండుకునేవారు, తొక్క ఎండబెట్టి అన్నంలో వేసుకునేవారు... వాళ్ళ కొత్త సంవత్సరానికి మాత్రం ఇలా నీళ్ళలో పెట్టేవారు.

"ఏడాది మారేటప్పుడు దానంతటదే కదులుతుంది బేటీ, చూస్తూ ఉండు" అని వెళ్ళింది. నాకు ఏదీ చూడాలని లేదు.

నాన్న పోయి అప్పటికి నెల దాటింది. ఊరు తీసుకెళ్ళాం, సమాధి చేశాం, వచ్చేశాం. అమ్మ నర్సు. వచ్చిన మర్నాడే డ్యూటీకి వెళ్ళిపోయింది. ఎంత ధైర్యమో అన్నారందరూ. ధైర్యమా, నా మొహమా... మనిషి పొయ్యి వెలిగించడమే మానేసింది. నాకు బ్రెడ్డూ పెరుగూ పెట్టేది, తను అదీ తినేది కాదు. ఏడవనూ లేదు. అమ్మ కూడా పోతుందేమోనని నాకు భయంగా ఉండేది.

మా కిటికీలోంచి తిరగమోత వాసన రావట్లేదని బీబీ కనిపెట్టింది. అందుకే ఆ ఏడు గిన్నె మా ఇంటికీ తెచ్చింది.

సాయంత్రం నేను స్నానానికి వెళ్ళాను. అమ్మ డ్యూటీ నుంచి వచ్చింది. నీళ్ళలో కాయ కనబడితే మనవాళ్ళు ఏమనుకుంటారు... నాకు తినాలనిపించి వంటకి కడిగి ఉంచాననుకుంది. నేను వచ్చేసరికి అన్నం వండేసి, ఆవాలూ ఇంగువా పచ్చిమిరపకాయలూ వేయించి, కాయ పిండి పులిహోర కలిపేసింది.

అప్పుడే బీబీ వచ్చింది. గిన్నెలో వట్టి నీళ్ళు. "అది వాళ్ళ పండక్కి పెట్టిందమ్మా" అన్నాను. అమ్మ మొహం పాలిపోయింది. "అయ్యో, నాకు తెలీదు బీబీ..."

బీబీ గిన్నె వంక చూసింది, పొయ్యి వంక చూసింది. చాప మీద చతికిలబడింది. "చెట్టుకి ఇంకా ఉన్నాయిలే. నాకూ పెట్టు."

ఆవిడ ఒక్కతే తింటే బాగోదని అమ్మా కూర్చుంది. రెండో ముద్దకే కళ్ళమ్మట నీళ్ళు. "బాగా పులుపు" అంది అమ్మ. "పులుపే" అంది బీబీ, వీపు నిమురుతూ. అమ్మ వెక్కి వెక్కి ఏడుస్తూనే పళ్ళెం ఖాళీ చేసింది. మర్నాడు పప్పు వండింది.

నిరుడు అమ్మ పోయింది. ఇప్పుడు ఇదే దేశంలో అల్ ఖౌద్ అనేచోట ఫ్లాట్‌లో నేనొక్కదాన్నే ఉంటున్నాను. నాకింకా ఏడుపు రాలేదు. ఫోన్ నొక్కితే బిర్యానీ వస్తుంది, గుమ్మం ముందు పెట్టేసి పోతారు. నేను వండుకుంటున్నానో లేదో పక్క ఫ్లాట్‌వాళ్ళకి తెలిసే దారే లేదిప్పుడు...

మీకెవరైనా అలా వచ్చి ఎదురుగా కూర్చుని తినిపించి ఉంటే రాయండి. చదువుతాను. తినేటప్పుడు ఎలాగూ ఫోనే చూస్తూ ఉంటాను...