బియ్యం మోసే పురుగు

మొన్న పురుగుల మీద పరిశోధన చేసేవాళ్ళు మా ఊరికి వచ్చి, బడి వరండాలో బల్ల మీద ఒక ప్లాస్టిక్ డబ్బా మూత తీయగానే నలిగిన ఆముదపాకు పచ్చివాసన గుప్పుమంది. లోపల ఆకు మీద ఒక బొంత పురుగు. దాని వీపు మీద బియ్యం ఉన్నాయేమోనని అరవై దాటిన నేను కుర్చీలోంచి లేచి మరీ చూశాను. లేవు.

మా తాలూకాను కర్నూలు నుంచి విడదీసి కొత్త జిల్లాలో కలిపిన రోజుల్లో నాకు పదేళ్ళుంటాయి. పెద్దారవీడు దగ్గర మా పల్లెలో వానాకాలమంతా పురుగులతోనే గడిచేది. తొలి వానకు ఎర్రగా ముఖమల్ గుడ్డ ముక్కల్లా పాకే ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెల్లో గడ్డి పరిచి దాచుకునేవాళ్ళం, పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తే మా అవ్వ మార్తమ్మ వాటిని చేటలో చెరిగి రెక్కలు పోగొట్టి, ఉప్పు చల్లి వేయించి, వేడివేడిగా జొన్న పేలాల్లో కలిపి మా గౌన్లలో పోసేది. ఆముదం చేలు మోకాలెత్తు ఎదిగేసరికి నల్లటి బొంత పురుగులు దిగి ఆకుల్ని ఈనెలు మిగిల్చి తినేవి. అప్పుడు మాలపల్లె ఆడవాళ్ళు, పిల్లలు బూడిద పోసిన కుండలు చంకన పెట్టుకుని, ఒంటి మీద దద్దుర్లు గోక్కుంటూ, చేతులకు ఆకుపసరు నల్లగా పట్టేదాకా పురుగుల్ని ఏరేవాళ్ళం.

ఏరేవాళ్ళందరికీ మా అవ్వే పెద్ద. చుట్ట నోట్లో అటు నుంచి ఇటు తిప్పుకుంటూ ఆమె చెప్పే కట్టడి ఒకటే: వీపు మీద తెల్లగా బియ్యపు గింజల్లాంటివి అంటుకుని, కదలకుండా ఉన్న పురుగును ముట్టుకోకూడదు. క్రిస్మస్ నాడు తప్ప వరి అన్నం ఎరగని మాకు, పురుగు వీపున బియ్యం ఉండడం అన్యాయంగా తోచేది.

ఒక ఏడు చేను ఆసామి పురుగుల ఆఫీసరును పిలిపించాడు. జీపు తలుపు మీద పాత జిల్లా పేరు కొట్టేసి కొత్త పేరు రాశారు గానీ, రంగు కింద పాత అక్షరాలు ఇంకా కనపడుతూనే ఉన్నాయి. ఆయన గట్టు మీద నిలబడి అవ్వను చూసి, "వాటిని వదిలేస్తున్నావేంటి?" అన్నాడు.

"అవి బియ్యం మోస్తాండాయి సారూ. ఇంక మేయవు. ఆ గింజల్లోంచి సన్న ఈగలు లేస్తాయి. మిగిలిన పురుగుల పని అవే పడతాయి."

"పురుగు ఈగల్ని కంటుందా? మీ ఊళ్ళో గొర్రెలు కోడిపిల్లల్ని ఈనుతాయా ఏంటి?"

ఆసామి నవ్వాడు. ఆయన నవ్వాడని అందరూ నవ్వారు. ఆఫీసరు నావైపు తిరిగి, "చదువుకునే పిల్లవి, నువ్వు చెప్పు. అవి దాని గుడ్లు కదూ?" అన్నాడు.

మా బడిలో ఒక చెక్కపెట్టె నిండా పుస్తకాలుండేవి. అందులో సీతాకోకచిలుక బొమ్మల పుస్తకం నాకు కంఠతా వచ్చు. గుడ్లు పెట్టేది సీతాకోకచిలుక, పురుగు కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా చేతులు కట్టుకుని, "గుడ్లే సార్, పుస్తకంలో ఉంది" అన్నాను. ఆయన శభాష్ అన్నాడు.

అవ్వ చుట్ట తీసి, "పుస్తకంలో ఉందంటే ఉంటాదిలే" అంది, అంతే.

సాయంత్రానికి చేనంతా గమేక్సిన్ పొడి చల్లారు. బియ్యం మోసేవీ మోయనివీ అన్నీ రాలిపోయాయి. మరుసటి ఏడు బొంత పురుగులు ఇంకా ఎక్కువొచ్చాయి, బియ్యం మోసేది ఒక్కటీ కనపడలేదు. ఆసామి ఇంకో రెండు బస్తాల పొడి తెప్పించాడు. మా వాళ్ళను ఏరడానికి మళ్ళీ పిలవలేదు.

ఏడో తరగతితో బడి మానేసి మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో చేరాక, పని దిగి లైబ్రరీకి పోయేదాన్ని. ఒకరోజు లావుపాటి పుస్తకంలో ఆ బొమ్మ కనపడింది. ఒక సన్న కందిరీగ వచ్చి బొంత పురుగు ఒంట్లో గుడ్లు పెడుతుందట, పిల్లలు దాన్ని లోపల్నుంచే తిని, బయటికొచ్చి వీపు మీద తెల్లటి గూళ్ళు అల్లుకుంటాయట. బస్సు దిగి పరుగున పోయి అవ్వకు చెప్పాను.

"నాకెందుకు చెప్తావే? పోయి ఆ సారుకు చెప్పు" అంది. ఆ సారు ఎప్పుడో బదిలీ అయిపోయాడు.

ఇదంతా మొన్న బడి వరండాలో చెప్పాను. పురుగులకూ మనుషులకూ ఉన్న సంబంధం మీద పరిశోధనట, కూలి చేసే ఆడవాళ్ళకు తెలిసింది కూడా సైన్సేనట. యాభై ఏళ్ళకు ఆ మాట విన్నాను. అవ్వ పేరు రాసుకోమన్నాను. టాబ్ పట్టుకున్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"ఈ సంగతి ఎలా తెలిసిందని ఇందులో అడుగుతోంది మేడం. స్వయంగా చూసింది అని పెడితే ఫోటో కావాలంటుంది."

"ఆ పురుగే లేదు గదమ్మా. ఆముదం చేలే లేవు. అంతా ప్లాట్లు వేసినారు."

"పోనీ, ఎవరో చెప్పింది అని పెడితే వాళ్ళ ఫోన్ నంబరు కావాలి."

"మా అవ్వ పోయి ముప్పై ఏళ్ళు."

ఆ అమ్మాయి కాసేపు తెర మీద వేలు అటూ ఇటూ జరిపింది. ఇంకొక్కటే గడి మిగిలింది, అది నొక్కితే ఏమీ అడగదట. "దీన్నే పెట్టేయనా?" అంది. నేను ఏం చెప్పకముందే నొక్కేసింది.

పుస్తకంలో చదివింది.