అత్తగారిని ఎత్తుకుపోయిన పార్కు

మా వీధి మొదట్లో కుట్టుమిషను పెట్టుకున్నావిడను అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు. స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ముందుగది నిండా మిషను, ఇస్త్రీబల్ల, గుడ్డల మూటలు. వాటి మధ్య ఇరుక్కుని అత్తగారి కుర్చీ. ముసలావిడ కాజాలు తీస్తూ, బొత్తాలు కుడుతూ, కోడలు కుట్టిన ప్రతి కాలరుకూ ఏదో ఒక వంక పెట్టేది. ఈవిడతో వేగలేక చస్తున్నానని టైలరమ్మ కనబడిన వాళ్ళందరితో మొరపెట్టుకునేది. నోటితో ఎన్ని అన్నా, అత్తగారు వచ్చి కుర్చీలో కూర్చునేదాకా మిషను తొక్కడం మొదలుపెట్టేది కాదు.

ఆమె అసలు కడుపుమంట తోడికోడలి మీద. ఊరు పెరిగి రైలు పట్టాలకు అవతల కొత్త కాలనీలు లేచినప్పుడు మరిది అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి బాల్కనీ చూసి టైలరమ్మ ఓర్చుకుంది. వంటింటి అలమరాలు చూసి ఓర్చుకుంది. ఎదురుగా ఉన్న పార్కును మాత్రం ఓర్చుకోలేకపోయింది. బాల్కనీ అయినా, అలమరాలైనా మరిది కష్టపడి చేయించుకున్నవి. పార్కు ఎవరి కష్టార్జితమూ కాదు, ఊరందరిదీ. మరి అందరిదీ అయినది పోయి పోయి ఆవిడ గుమ్మం ముందే ఎందుకు ఉన్నట్టు?

ఇలా ఉండగా అత్తగారి మోకాళ్ళు పట్టేశాయి. రోజూ కాసేపు నడవాలన్నాడు డాక్టరు. మా వీధిలో నడవడమంటే కాలువ మూతల మీద అడుగులు వెతుక్కోవడమే. ఎక్కడ చూసినా ఆపిన వ్యాన్లు, వెనకనుంచి హారన్లు. టైలరమ్మ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే ఒకనాడు మోటారుసైకిలు రాసుకుంటూ పోయింది. ముసలావిడ గోడకు కొట్టుకుని మోచెయ్యి చీరుకుపోయింది. సంగతి తెలిసి చిన్నకోడలు వచ్చింది. నాలుగు రోజులు మా ఇంట్లో ఉండి పార్కులో నడవండి అత్తయ్యా అని బట్టలు సర్దేసింది. నాలుగు రోజులకని వెళ్ళినావిడ, వానలు మొదలై వెలిసిపోయినా తిరిగి రాలేదు.

టైలరమ్మ చూడటానికి వెళ్ళింది. చెట్ల కింద అత్తగారు కొత్త బూట్లు వేసుకుని, ఎవరో ఇద్దరు ఆడవాళ్ళతో కబుర్లాడుతూ నడుస్తోంది. పడీ పడీ నవ్వుతోంది. తన ముందుగదిలో ఆవిడ ఏనాడూ అలా నవ్వలేదు. పక్కనే చిన్నకోడలు నీళ్ళ సీసా పట్టుకుని, అత్తగారిని కన్నది తానే అన్నంత ధీమాగా నిలబడి ఉంది. టైలరమ్మకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంటే కాలరు తిరగేసి పడింది. ఊడదీసి కుడితే మళ్ళీ తిరగేసే పడింది.

ఆమె భర్త బస్సు కండక్టరు. నీ బాధ మా అమ్మ లేదనా, మా తమ్ముడి పెళ్ళాం దగ్గర ఉందనా అని అడిగాడు. ఆమె అతని ముందు కంచం ఠపీమని పెట్టి మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

యూనిఫారాలు ఇవ్వడానికి స్కూలుకు వెళ్ళినప్పుడు ఒక ప్రకటన కనబడింది. ఊళ్ళోని పార్కుల గురించి అక్కడి హాల్లోనే సభ పెడుతున్నారు, ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు. ఆ రోజు మిషను మూసిపెట్టి వెళ్ళింది. గోడ మీద పెద్ద పటం. పార్కులన్నింటికీ ఆకుపచ్చ రంగు వేశారు. పట్టాలకు అవతల మచ్చలు మచ్చలుగా పచ్చదనం, ఇవతల ఒక్క చుక్క లేదు. పైగా ఈసారి పని కూడా అవతలి పార్కుకే. అందులో ఫౌంటెను కట్టాలట. కాలనీ సంఘం తరఫున ఆ అర్జీ చదువుతున్నది ఎవరో కాదు, తోడికోడలే. ముందు వరసలో అత్తగారు.

టైలరమ్మ లేచింది. మా వైపు పిల్లలు వ్యాన్ల మధ్య ఆడుకుంటున్నారు, ముసలివాళ్ళు ఇళ్ళల్లోనే బిగుసుకుపోతున్నారు, ఉన్నవాళ్ళకే మళ్ళీ పెడితే మేమెక్కడికి పోవాలి అని అడిగింది. తోడికోడలు మొహం ఎర్రబడింది.

"మేం పచ్చగా ఉంటే అక్క ఓర్వలేదండీ. ఇది మా ఇంటి గొడవ, సభలోకి తెచ్చింది."

హాల్లో ఎవరో నవ్వారు. టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది. అయినా కూర్చోలేదు.

"అవును, ఓర్వలేను. మా వైపు కూడా కాస్త పచ్చగా ఉంటే అప్పుడు ఓర్చుకుంటాను."

ఈసారి నవ్వినవాళ్ళు ఎక్కువ, కాని ఆ నవ్వు వేరు. పార్కుల అధికారి మీ వైపు ఖాళీ స్థలం ఎక్కడుందమ్మా అన్నాడు. పక్కనున్న ఇంజనీరు అతని చెవిలో ఏదో చెప్పాడు. పాత పంపుహౌసు ఆవరణ ఉందట. పాడైపోయిన లారీలు పడేసి తాళం వేశారట. అధికారి కాసేపు నీళ్ళు నమిలి, ఫౌంటెను సంగతి తర్వాత, ముందు ఆ ఆవరణ చూసి వస్తామన్నాడు. అత్తగారు పెద్దకోడలి వంక చూసింది.

లారీలు కదలడానికే ఏడాది పట్టింది. టైలరమ్మ పార్కుల ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. చివరికి సగం ఆవరణలో నడకదారి, మొక్కలు, బెంచీలు వచ్చాయి. మిగతా సగం పంపులకే ఉంచేశారు. తెరిచిన రోజు ఆమె అత్తగారిని తీసుకొచ్చి చూపించింది. ముసలావిడ ఒక చుట్టు నడిచి బెంచీ మీద కూర్చుంది.

"బాగానే ఉందే పెద్దమ్మాయ్. మా పార్కులో అయితే బెంచీలకు వెనక చెక్క ఉంటుంది, నడుం ఆనించుకోవచ్చు."

మా పార్కు అన్న మాట టైలరమ్మకు ముల్లులా దిగింది. మన ఇంటికి వచ్చెయ్యండి అత్తయ్యా అని బతిమాలుకుంది. అక్కడ స్నేహితులు దొరికారని, ఆదివారాలు వస్తానని ముసలావిడ మెల్లగా చెప్పింది.

మర్నాడే టైలరమ్మ ఆఫీసుకు వెళ్ళి బెంచీలకు వెనక చెక్కలు కావాలంది. పార్కు వచ్చింది కదమ్మా, ఇంకేమిటి అని గుమస్తా విసుక్కున్నాడు. అయినా రాసుకున్నాడు.

అత్తగారు మాట తప్పలేదు. ప్రతి ఆదివారం చిన్నకోడలే తీసుకొస్తుంది. నడక అయ్యాక ముసలావిడ బెంచీ మీద పెద్దకోడలి భుజానికి ఆనుకుని కూర్చుని, ఆమె వేసుకున్న బట్టల కుట్టుకు వంకలు పెడుతుంది. తోడికోడలు నీళ్ళ సీసాతో కొంచెం ఎడంగా కూర్చుని మూతి ముడుచుకుంటుంది. వెనక చెక్కల సంగతి అడగడానికి టైలరమ్మ మళ్ళీ ఆఫీసుకు వెళ్ళలేదు.