తొందరగా విన్న ప్రార్థన

ఇంగ్లండులోని లీడ్స్‌లో ఒక పొద్దున పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే, నా గొడుగు దానికే తగిలించి పనికి వెళ్ళాను. సాయంత్రం వచ్చి చూస్తే అక్కడే వేలాడుతోంది. ఇలాంటివి చెబుతానని మా తెలుగు ప్రార్థన కూటంలో నా మాట ఎవరూ నమ్మరు. కచ్చితంగా నమ్మవలసినది ఒకటి చెప్పాను, దాన్నీ నమ్మలేదు.

ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో నర్సుగా చేసే ఒకమ్మాయి నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. అక్కడుండే ఒక ముసలావిడ గొలుసు దొంగిలించిందని కోర్టు ఈ అమ్మాయిని జైలుకి పంపింది. మేమంతా ఉపవాసముండి, "ప్రభువా, ఆలస్యం చెయ్యొద్దు" అని ప్రార్థించాం. లాయరు వెంటపడి గడువులోపలే అప్పీలు వేయించాం. ఆ గొలుసు చివరికి ముసలావిడ పాత కోటు లైనింగులో దొరికింది. శిక్ష కొట్టేశారు. కానీ అప్పటికే నెలల తరబడి ఆమె లోపలే ఉంది.

బయటికొచ్చాక నష్టపరిహారానికి అర్జీ పెట్టుకుంది. "గవర్నమెంటే ఇచ్చిందంటే, ఇంకెవరూ నన్ను దొంగలా చూడరు అన్నయ్యా" అంది. ఆమెకు కావలసింది అదే.

జవాబు వచ్చిందని లాయరు పిలిస్తే నేనే కారులో తీసుకెళ్ళాను. గడువు దాటాక వేసిన అప్పీల్లో, కొత్త సంగతి బయటపడి శిక్ష రద్దయితేనే పరిహారమట. గడువులోపల వేసి గెలిస్తే, న్యాయం మామూలుగా జరిగిపోయినట్టేనట. గవర్నమెంటు దయతలచి ఇచ్చే దారి ఇంకొకటి ఉండేది గానీ, దాన్నీ ఈమధ్యే మూసేశారట.

"అయితే నేను ఇంకొన్నాళ్ళు లోపలే ఉండాల్సిందా?" అని అడిగింది. లాయరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో అంది: "ఆదివారం కూటంలో అడుగుతారు. నాకు నోరు రాదు. నువ్వే చెప్పు."

"ఇచ్చారని చెప్పెయ్యనా? నాకదేం కొత్త కాదుగా."

"వద్దు. ఉన్నదే చెప్పు."

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె అందరికీ బిర్యానీ వడ్డిస్తోంది. మా కూటంలో అందరికంటే పెద్ద ఆంటీ, పరిహారం ఏమైందని నన్నే అడిగింది. చెప్పాను. హాలంతా నవ్వు.

"చాల్లేవయ్యా. మన ప్రార్థన తొందరగా విన్నాడని దేవుడి మీద కేసు పెడతావా ఏంది?" అంది ఆంటీ.

మళ్ళీ చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"తప్పు చెయ్యని మనిషికి ఎందుకివ్వరు?" అంది ఆంటీ గొంతు తగ్గించి. "ఏదో ఉండే ఉంటదిలే." అంటూనే పక్క కుర్చీలో ఉన్న హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నా గొంతులోకి అబద్ధం ఎగదన్నుకొచ్చింది. ఊరికే అన్నానండీ, ఇచ్చారు. అంతే చాలు. నోరు తెరిచాను కూడా. బిర్యానీ గిన్నె వెనకనుంచి ఆమె నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. ప్లేటు పట్టుకుని వచ్చి, బ్యాగు ఖాళీ చేసిన కుర్చీలోనే కూర్చుంది.

"గట్టిగా పట్టుకోండి ఆంటీ" అంది మెల్లగా. "అది పోతే, ఈసారి నేను ఆలస్యంగా అప్పీలు వేసుకోవాలి."

ఆంటీ బ్యాగు ఒళ్ళోంచి దించలేదు.