చిట్టెలుక చెవిలో పిడుదులు

జ్వరాల మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో భిక్షపతిది బోన్లు పెట్టే ఉద్యోగం. ఇళ్లలో, గోదాముల్లో బోన్లు పెట్టి, పడిన ఎలుకలను ప్రాణాలతో తెచ్చి డాక్టర్లకు అప్పగించాలి. ఆయన ఉండే హుస్సేనీ ఆలం గల్లీలో ఆయనను ‘చూహేవాలా’, అంటే ఎలుకలవాడు, అని నవ్వేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఇస్త్రీ ఖాకీ చొక్కా తొడుక్కుని, సైకిలు వెనక ఆరు బోన్లు కట్టుకుని, చార్మినార్ జనంలోంచి దర్జాగా గంట కొట్టుకుంటూ పోయేవాడు.

1974 వానాకాలం చివర్లో, ఆ గల్లీలోని బర్రెల కొట్టాలకు పచ్చగడ్డి తెచ్చే ఆడవాళ్లకు ఒకరి తర్వాత ఒకరికి జ్వరం తగిలింది. ఒళ్లంతా ఎర్రటి మచ్చలు, అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ కూడా. తట్టు అనుకున్నారు. పదో రోజున నీలమ్మ చనిపోయింది. ఆమెతో కలిసి గడ్డి కోసే కాశమ్మ ఆ వారమే మంచం పట్టింది. కాశమ్మ భిక్షపతికి తోడబుట్టిన అక్క.

ప్రయోగశాల డాక్టరు విమలాదేవి కొట్టాల చుట్టూ బోన్లు పెట్టించింది. ముప్ఫై ఎలుకలు పడ్డాయి గాని, వాటిలో జ్వరం జాడ లేదు. అప్పుడు భిక్షపతికి తట్టింది. పాలు పితికేవాళ్లందరూ బాగానే ఉన్నారు. జ్వరం గడ్డి కోసేవాళ్లకే వస్తోంది. అక్క దగ్గర కూర్చున్నాడు.

“అక్కా, గడ్డి ఏడ కోస్తరు మీరు?”

“సైదాబాద్ అవతల చిట్టడివి లేదారా, గాడనే.”

“ఏమన్న కరిచిందా?”

కాశమ్మ మోకాలి వెనక నల్లటి పొక్కు చూపించింది. “గడ్డిల నెత్తురు తాగే పురుగు, పిడుదు పట్టింది. పీకి పారేసిన. గంత దానికి దవాఖానకు పోతరా ఎవరన్న?”

భిక్షపతి ఆ సంగతి చెప్పగానే విమలాదేవి వచ్చి కాశమ్మ రక్తం తీసుకుని, అప్పుడే టెట్రాసైక్లిన్ మందు మొదలుపెట్టింది. మూడో రోజుకు జ్వరం దిగింది. కానీ అడవిలో బోన్లంటే పై అధికారి ఒప్పుకోలేదు. పట్నం జ్వరానికి అడవి ఎలుకలెందుకన్నాడు.

“అయితే నాకు రెండు దినాలు ఛుట్టీ ఇయ్యుండ్రి సార్. నా సైకిల్ మీద నేనే పోత,” అన్నాడు భిక్షపతి.

సెలవు దొరికింది. చిట్టడివిలో ఎలుకల నడకతో గడ్డి అణిగిన దారులు చూసుకుని, పొదల కింద బోన్లు పెట్టాడు. పొద్దున్నే చూస్తే పదకొండు చిట్టెలుకలు. గోధుమరంగు వీపు, తెల్లటి పొట్ట. చెవుల అంచున గసగసాల్లా అతుక్కున్న పిడుదు పిల్లలు! చేతులకు తొడుగులు వేసుకుని, ఒక్కో బోనూ తెల్లగుడ్డ సంచిలో పెట్టి మూతి కట్టాడు.

“ఒక్క పిడుదు గూడ రాలిపోలే మేడమ్,” అంటూ బల్ల మీద పెట్టాడు.

కొన్ని వారాలకు పరీక్షలు తేల్చాయి. కాశమ్మకు వచ్చిన జబ్బే ఆ ఎలుకల్లోనూ ఉంది. “ఎలుక జబ్బుపడ్డట్టు కనబడదు. దాని రక్తం తాగిన పిడుదుకు క్రిమి అంటుతుంది. పెరిగాక ఆ పిడుదు గడ్డి మీదికెక్కి మనిషిని పట్టుకుంటుంది,” అని విమలాదేవి వివరించింది.

గడ్డి కోసేవాళ్లందరినీ భిక్షపతే కూర్చోబెట్టి చెప్పాడు. “కాళ్లకు గుడ్డలు చుట్టుకోండ్రి. ఇంటికి రాంగనే ఒళ్లు చూసుకోండ్రి. జ్వరమొస్తే పిడుదు కరిచిందని డాక్టర్‌కు చెప్పుండ్రి, దాచకుండ్రి.” ఆ తర్వాత ఇద్దరికి జ్వరం వచ్చింది. ఇద్దరూ వెంటనే చెప్పారు, ఇద్దరూ బతికారు.

డిసెంబరులో డాక్టర్ల సభ జరిగింది. ఈ జ్వరం గుట్టు ఎలా తేలిందో చెప్పడానికి పై అధికారి లేవబోతుంటే, “ఇది చెప్పాల్సింది భిక్షపతి గారు,” అంది విమలాదేవి. ఆయన ఖాకీ చొక్కా సర్దుకుని ముందుకొచ్చాడు.

“నీకెట్లా తెలిసింది?” అని ఒక పెద్ద డాక్టరు అడిగాడు.

“పదహారేండ్ల సంది ఎలుకలనే చూసిన సాబ్. ఈపారి మనుషుల దిక్కు చూసిన. ఎవరికొచ్చింది, ఎవరికి రాలేదని.”

హాలంతా చప్పట్లు. తలుపు దగ్గర నిలబడ్డ కాశమ్మ, పక్కనున్న నర్సు భుజం తట్టి గట్టిగానే అంది: “మా తమ్ముడమ్మా. నా సొంత తమ్ముడు!”