కొత్త ఊళ్లో ముందు నీళ్లడగాలట

ఈ రోజు పొద్దున లాప్‌టాప్ మీటల మధ్య ఒక ఆవగింజ కనిపించింది. వంటింట్లో అవ్వ పక్కన కూర్చుని ఆడితే అంతే మరి. పాతకాలం కంప్యూటర్ ఆట ఒకటి కొత్తగా మొదలుపెట్టాను. అందులో నేనొక బాటసారిని. ఎవరైనా పలకరిస్తే, తెర మీద ఉన్న జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. నేనేమో మొదటి ఊరి పొలిమేర దాటిన ప్రతిసారీ తోడేళ్ల చేతిలో చచ్చిపోతున్నాను.

ఆ ఊరి సత్రంలో నేను నిలబడి ఉండగా, చిక్కుడుకాయలు ఒలుస్తున్న అవ్వ తెరలోకి తొంగి చూసింది. "ఆ సత్రమాయన ఏమంటుండే?"

"యాడికెల్లి వచ్చినవ్ అంటుండు."

"నువ్వేమంటివి?"

"పోయొస్త అన్న." జవాబుల్లో అదే అన్నిటికన్నా చిన్నది.

"ఏందే గిది! పాపం ఆయన పల్కరిస్తుంటే మొకం తిప్పుకొని పోతివా? కొత్త ఊరికి పోతే ముందుగాల నీళ్లడగాలె. మాటలు అవే వస్తయి."

నీళ్లడిగే జవాబు నిజంగానే ఉంది. నొక్కాను. సత్రమాయన మాటల్లో పడ్డాడు. మూల కూర్చున్న ముసలి సిపాయి ఒకడు నాకు తోడొస్తానన్నాడు. ఇద్దరం తోడేళ్లను దాటేశాం. అతనికి అన్నం పెట్టినవా అని అవ్వ ఇప్పటికీ అడుగుతోంది.

ఆటలో కూడా మాటలు తప్పించుకునేవాళ్లు నాలాగా ఇంకెవరైనా ఉన్నారా?

సోమవారం నేను దేవదుర్గ అనే ఊళ్లో టీచరుగా చేరుతున్నాను. అక్కడ నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు.