ఫోనులో వేసిన సూది

మా బర్రెను గోలేటిలో ఒక పెద్దాయన దగ్గర కొన్నాం. ఆయన బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి, ఒకప్పుడు నా భర్తతో ఒకే షిఫ్టులో దిగేవాడట. మేము కాకా అని పిలుస్తాం. కంటిచూపు తగ్గి, మేత వేయడం కష్టమై అమ్ముకున్నాడు. ట్రాలీ ఎక్కించేటప్పుడు దాని నుదురు నిమిరి, "కొట్టకుండ్రి బిడ్డా, పిలిస్తె అదే వస్తది" అని నాకు అప్పజెప్పాడు.

దాని చెవికి పసుపుపచ్చ బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. ఆ నంబరు కొడితే బర్రె ఎవరి కొట్టంలో ఉందో, ఏ ఊరి నుంచి ఏ ఊరికి మారిందో, ఏ సూదులు పడ్డాయో అన్నీ ఫోనులో కనిపిస్తాయని విన్నాను. మంచిదే అనుకున్నాను. బడిలో పిల్లల హాజరు నేనూ ఫోనులోనే వేస్తాను.

గోదావరిఖనికి తెచ్చాక పశువుల దవాఖానకు వెళ్ళి, బర్రె మా ఇంటికి వచ్చిందని చెప్పాను. "పాత ఓనరు ఫోనుకు ఓటీపీ వస్తది మేడం, అది చెప్తెనే పేరు మారుతది. ఇయ్యాల సర్వర్ లేదు, మళ్ళ రాండ్రి" అన్నారు. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అదే మాట. ఈలోగా బర్రె మా కొట్టంలోనే ఈనింది. నల్లగా నిగనిగలాడే దుడ్డె. బొగ్గు లారీల దుమ్ము దాని మీద పడకుండా మా అత్తమ్మ కొట్టం చుట్టూ పాత చీరలు కట్టింది.

వానలు వెనకబట్టాక, పశువులకు గాలికుంటు రోగం రాకుండా సూదులు వేసే అతను మా వీధికి వచ్చాడు. ఆదివారం, అప్పుడే చర్చి నుంచి తిరిగొచ్చాం. బర్రెను గుంజకు దగ్గరగా కట్టి పట్టుకున్నాం. అతను ఐసు డబ్బా దించి, ఫోనులో బిళ్ళ నంబరు కొట్టాడు.

"ఓటీపీ చెప్పక్కా."

"మాకు రాదన్నా. గోలేటిల కాకకు వస్తది."

కాకకు ఫోను చేశాం, ఎత్తలేదు. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

"సూదైతే వెయ్యన్నా. నంబరు దొరకంగనే నేనే చెప్త."

"ఓటీపీ లేకుంట వేస్తె ఆ డోసు నా లెక్కల పడదక్కా. పై ఆఫీసరోళ్ళు నన్నడుగుతరు. రేపొస్త."

మందు డబ్బాలో ఉంది, బర్రె ఎదురుగా ఉంది. అతను డబ్బా మూసుకొని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. దవాఖానకు ఫోను చేస్తే "వస్తడు మేడం" అన్నారు.

చలి మొదలయ్యాక ఒక పొద్దున అత్తమ్మ కేకేసింది. "దీని నోట్లెకెల్లి చొంగ కారుతున్నదే, జల్ది రా!" నాలుక మీద పొక్కులు పగిలి ఎర్రగా ఉన్నాయి. గిట్టల సందున పుండ్లు. నిలబడలేక కాళ్ళు విదిలిస్తోంది. నా భర్త అప్పుడే నైట్ షిఫ్టు దిగి వచ్చాడు, టీ కూడా తాగకుండా నాతో దవాఖానకు బయల్దేరాడు. ఫోనులో ఫొటోలు చూపించబోతే, డాక్టరు ముందు బిళ్ళ నంబరు అడిగి తన ఫోనులో కొట్టాడు.

"దీనికి గాలికుంటు సూది పడ్డది గదా! ఇది గాలికుంటు కాదు. మేతల ఏదో గుచ్చుకున్నట్టుంది."

"పడలేదు సార్. నేను అక్కడ్నే ఉన్న."

"పడ్డట్టు ఈ ఫోన్ల ఉన్నదమ్మా."

ఒళ్ళు మండిపోయింది. బర్రెను తాడుతో పట్టుకున్న నా మాట అబద్ధం, ఫోను నిజం. బయటికొచ్చి కాకకు ఫోను చేశాను. ఈసారి ఎత్తాడు. ఆ ఆదివారం ఓటీపీ ఎవరికైనా చెప్పాడా అని అడిగాను.

"అవును బిడ్డా, ఆ దినం నేను కండ్ల దవాఖానల ఉంటి. పొద్దుగూకినంక ఎవరో ఫోను చేసి, నీ బర్రెకు సూది వేస్తున్నం, నంబరు చెప్పమన్నడు. మనుమరాలు సదివింది, చెప్పిన. మీ ఇంట్లనే ఉన్నడనుకున్న. ఏంది, వెయ్యలేదా?"

ఫోను స్పీకరులో పెట్టి, లోపలికి వెళ్ళి డాక్టరు బల్ల మీద ఉంచాను. కాక మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. డాక్టరు మా ఇంటి అడ్రసు రాసుకున్నాడు. "రేపొచ్చి చూస్త" అన్నాడు.

తెల్లవారి డాక్టరు వచ్చేలోపే దుడ్డె పోయింది. దానికి పొక్కులు కూడా రాలేదు. తల్లి వైపు రెండడుగులు వేసి కూలిపోయింది. అత్తమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకొని ప్రార్థన మొదలుపెట్టింది.

డాక్టరు బర్రె నోరు తెరిచి చూశాడు. "గాలికుంటే. దూడలకైతె పొక్కులు లేవకముందే గుండెకు పడుతది" అన్నాడు మెల్లగా. తర్వాత దుడ్డె నంబరు అడిగాడు.

"దానికింక బిళ్ళ వెయ్యలేదు."

"బిళ్ళ లేకుంటె సచ్చినట్టు ఫోన్ల ఎక్కదమ్మా."

"అంటె అది పుట్టనే లేదా సార్? మా అత్తమ్మ ఒళ్ళె ఉన్నదేంది మరి?"

నా గొంతుకు వీధంతా బయటికొచ్చింది. వాళ్ళకూ పశువులున్నాయి. కొన్ని కొనుక్కొచ్చినవే, వాటి ఓటీపీలు ఎవరెవరికో పోతున్నాయి. అన్ని పశువులకూ సూదులు వేసేదాకా డాక్టరు జీపు కదలనివ్వమని దారికి అడ్డంగా నిలబడ్డాం. డాక్టరు కాసేపు గొణిగి, డబ్బా తెప్పించాడు. రోగం కనబడని ప్రతి పశువుకూ ఓటీపీ అడగకుండా వేయించాడు. అన్ని రోజులూ కుదరదన్న పని అంత తేలిగ్గా అయిపోవడం చూసి నాకు ఇంకా మండింది. ఇదే పని ఆ ఆదివారం చేసి ఉంటే?

పటిక నీళ్ళతో నోరు కడుగుతూ, రాగి అంబలి తాగిస్తూ బర్రెను బతికించుకున్నాం. పాలు మాత్రం మునుపటిలా రాలేదు. దూడ లేని కొట్టంలో అది అరుస్తుంటే అత్తమ్మ ఇంట్లో ఉండలేకపోయేది. వేయని సూదిని ఫోనులోంచి తీసేయమని అడిగితే, తీసే వీలు తమ చేతిలో లేదన్నారు. అది అట్లాగే ఉంది. ఎంతో తిరిగాక బర్రె మా పేరు మీదికి మారింది.

తర్వాతి విడతకు మళ్ళీ ఆ సూదులు వేసే అతనే వచ్చాడు. బిళ్ళ నంబరు కొట్టగానే నా ఫోను మోగింది.

"ఓటీపీ వచ్చిందా అక్కా?"

"వచ్చింది. ముందు సూది."

"ఎంట్రీ చేసినంకనే వెయ్యాలె అక్కా."

"సూది పడ్డది నేను చూడాలె. అప్పుడే చెప్త."

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత డబ్బా తెరిచాడు.